తెర కొనండి, ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చుకోండి: ఊరూరా తిరిగే నాటక సమాజాలకు ఒక ఎంపిక సలహా

ప్రొజెక్షన్ గురించి, అంటే సీను వెనక తెర మీద ప్రొజెక్టర్‌తో బొమ్మలు వేయడం గురించి, నాటక సమాజాల వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎన్ని ల్యూమెన్లది (ల్యూమెన్ అంటే ప్రొజెక్టర్ చిమ్మే మొత్తం వెలుగుకు కొలత) తీసుకోవాలి? అడగవలసిన ప్రశ్నే, కాని అది మూడోదో నాలుగోదో కావాలి. ముందు తేల్చుకోవలసింది మీ నాటకంలో నటుల మీద ఎంత వెలుగు పడుతుందన్నది. ఆ తర్వాత, మీరు వెళ్లే వేదికల్లో అన్నిటికన్నా అధ్వానమైనది ఎలా ఉంటుందన్నది. ఈ రెండూ తేలితే ఎలాంటి తెర కావాలో తెలుస్తుంది, తెర తెలిస్తే ప్రొజెక్టర్ దానంతట అదే తేలుతుంది. జరుగుతున్నది మాత్రం దీనికి తలకిందులు. తగ్గింపు ధరలో వచ్చిందని ముందు ప్రొజెక్టర్ కొంటారు. దానికి సరిపడే తెర కోసం తర్వాత వెతుకుతారు. చివరికి బొమ్మ కనబడడం లేదని నటుల ముఖాల మీద లైట్లు తగ్గిస్తారు. అర్ధరాత్రి దాకా మేలుకుని కూర్చున్న ప్రేక్షకుడు వచ్చింది ఆ ముఖాలు చూడడానికి.

నేను చెప్పబోయేది పది పదిహేను మంది మనుషులతో, ఒక మినీ వ్యానుతో పరిషత్తు పోటీలకూ ఉత్సవాలకూ తిరిగే సమాజాల కోసం. వాళ్లకు లైట్ల మనిషి ప్రత్యేకంగా ఉండకపోవచ్చు, ఆ సీనులో పాత్ర లేని నటుడే లైట్లు పెంచి తగ్గించే డిమ్మర్ దగ్గర నిలబడుతుంటాడు. అలాంటి సమాజానికి నా సలహా ముందే చెప్పేస్తాను. తెర, కేబుళ్లు సొంతంగా కొనుక్కోండి. ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చుకోండి. ఎల్ఈడీ గోడ నిర్వాహకులే పెట్టి ఉంటే జాగ్రత్తగా వాడుకోండి, మీ అంతట మీరు తెప్పించకండి. ఎందుకో చెబుతాను.

అసలు కావాలా?

సురభి సమాజాలు 1885 నుంచి ఇప్పటిదాకా రంగులు వేసిన తెరలు, తాళ్లు, గిలకలతోనే అడవినీ అంతఃపురాన్నీ క్షణాల్లో మార్చి చూపిస్తున్నాయి. చుట్టి పైకి లాగే తెరకు కరెంటు అక్కర్లేదు, ఫ్యూజు పోదు, లైటు ఎంత పడినా వెలవెలబోదు. పైగా లైటు పడితేనే దానికి అందం. మీ నాటిక మొత్తం ఒక మధ్యతరగతి ఇంటి ముందు గదిలో జరుగుతుంటే ప్రొజెక్షన్ మీకు బరువే తప్ప లాభం లేదు. ఒక సోఫా, ఒక కిటికీ, గోడ మీద క్యాలెండర్ చాలు.

ప్రొజెక్షన్ పనికొచ్చేది మూడు చోట్ల. స్థలాలు చకచకా మారే పౌరాణికాల్లో, చారిత్రకాల్లో. పత్రికా శీర్షికలు, పాత ఫొటోలు, వీడియో ముక్కలు కథలో భాగమైన సాంఘికాల్లో. ఇక నృత్య నాటకాల్లో, ఎందుకంటే అక్కడ వేదిక మీద సామాను ఉండకూడదు కాని వాతావరణం ఉండాలి. మీది వీటిలో ఏదీ కాకపోతే ఇక్కడితో ఆగి ఆ డబ్బుతో మంచి మైకులు కొనుక్కోవచ్చు.

వెలుగు లెక్క

లెక్క చాలా తేలిక. ప్రొజెక్టర్ ల్యూమెన్లను తెర వైశాల్యంతో, చదరపు మీటర్లలో, భాగిస్తే తెర మీద పడే వెలుగు లక్స్‌లో వస్తుంది. 16 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు తెర అంటే సుమారు 13.4 చదరపు మీటర్లు. 5,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ దాని మీద 370 లక్స్ దాకా ఇస్తుంది. అది కాగితం మీది లెక్క. అద్దెకు తిరిగి తిరిగి ల్యాంపు సగం వయసు దాటిన ప్రొజెక్టర్ 200 లక్స్ ఇస్తే సంతోషించాలి.

దీనికి పోటీగా తెర మీద పడేది మీ లైట్ల చెదురు వెలుగు. నటుల మీద 400, 500 లక్స్ వేస్తే అందులో కొంత నేల మీద నుంచి, తెల్ల చీరల మీద నుంచి, నేరుగానూ తెర మీదికి చేరుతుంది. అది 50 లక్స్ ఉంటే బొమ్మలోని తెలుపు కనీసం 350 ఉండాలి, అప్పుడే రంగులు రంగుల్లా కనిపిస్తాయి. 200 లక్స్ బొమ్మ అయితే ఉతికి ఆరేసినట్టుంటుంది.

దీన్ని కొలవడానికి పరికరం కొననక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందు కెమెరా పక్కన వెలుగును పసిగట్టే సెన్సర్ ఉంటుంది. లక్స్ చూపించే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఫోనును తెరకు ఆనించి, దాని ముఖం ప్రేక్షకుల వైపు తిప్పి, ప్రొజెక్టర్ ఆపి లైట్లన్నీ వేసి ఒకసారి చూడండి. తర్వాత లైట్లు ఆపి, ప్రొజెక్టర్‌లో తెల్ల బొమ్మ వేసి మరోసారి చూడండి. ఫోను చెప్పే అంకె కచ్చితమైనది కాకపోవచ్చు, కాని రెండుసార్లూ కొలిచింది అదే ఫోను కాబట్టి నిష్పత్తి నమ్మవచ్చు. రెండో అంకె మొదటిదానికి ఏడెనిమిది రెట్లు ఉంటే ధైర్యంగా ఆడండి. మూడు రెట్లే ఉంటే పెద్ద ప్రొజెక్టర్ కోసం పరుగెత్తే ముందు లైట్లు తిప్పండి. ముందు నుంచి సూటిగా కొట్టే లైటును పక్క వింగుల్లోకి మార్చడం, నటులను తెరకు ఐదారు అడుగులు ముందుకు జరపడం, నేల మీద నల్ల గుడ్డ పరచడం, ఈ మూడు పనులతో చెదురు వెలుగు సగానికి పైగా తగ్గుతుంది. ఖర్చు ఒక తాను నల్ల గుడ్డ.

హైదరాబాద్ రవీంద్రభారతి, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి హాళ్లలో కోరుకున్న చీకటి దొరుకుతుంది. ఊళ్లో ఆరుబయట వేదిక వేరు. అక్కడ వేసవిలో ఏడు దాటేదాకా ఆకాశమే పెద్ద లైటు. ఏడు దాటాక పక్కన పల్లీల బండి బల్బు, గుడి గోపురం మీది సీరియల్ సెట్, వేదిక ముందు స్వాగత ద్వారం. వాటిని ఆపమని అడగడం మర్యాద కాదు, ఆపరు కూడా. మీ లెక్క ఆ వేదికకే వేసుకోండి.

ముందు నుంచా, వెనక నుంచా?

తెర కొనే ముందు దీన్ని తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటికీ తెర గుడ్డ వేరు.

ముందు నుంచి వేస్తే నటుల నీడ తెర మీద పడుతుంది. ఎంత దగ్గరికి వెళ్తే పడుతుందో లెక్క వేయవచ్చు. తెర కింది అంచు వేదిక నుంచి 4 అడుగుల ఎత్తులో ఉంది, ప్రొజెక్టర్ తెరకు 16 అడుగుల ముందు, 14 అడుగుల ఎత్తులో ట్రస్‌కు (లైట్లు కట్టే చట్రానికి) వేలాడుతోంది అనుకుందాం. ఆరడుగుల నటుడు తెరకు మూడడుగుల పైచిలుకు దూరంలో ఉంటే నీడ పడదు. అదే నటుడికి అడుగు ఎత్తు కిరీటం పెడితే దాదాపు ఐదు అడుగులు ముందు ఉండాలి. భీముడు గద ఎత్తితే ఈ లెక్కలన్నీ దాటిపోయి మయసభ గోడ మీద గద నీడ ఊగుతుంది. అందుకే ముందు ప్రొజెక్షన్ అనుకుంటే రిహార్సల్ మొదటి రోజే నేల మీద తెల్ల టేపుతో గీత గీసి, దాని వెనక్కి వెళ్లవద్దని అందరికీ చెప్పాలి. ప్రదర్శన ముందు రోజు చెబితే ఎవరికీ గుర్తుండదు.

వెనక నుంచి వేస్తే ఆ బాధ లేదు, నటుడు తెరను ఆనుకుని నిలబడవచ్చు. తోలుబొమ్మలాట వాళ్లు తరతరాలుగా వాడుతున్న పద్ధతే ఇది. ప్రేక్షకుడికి దీపం కనిపించకూడదు, బొమ్మ మాత్రమే కనిపించాలి. కాని చోటు కావాలి. మామూలు లెన్స్ ఉన్న ప్రొజెక్టర్ 16 అడుగుల బొమ్మకు 24 అడుగులు వెనక్కి వెళ్లాలి. త్రో 0.8 (అంటే దూరం బొమ్మ వెడల్పుకు 0.8 రెట్లు) ఉన్న షార్ట్ త్రో లెన్స్ అయినా 13 అడుగులు అడుగుతుంది. ఊరి వేదికల మొత్తం లోతే 20, 24 అడుగులు ఉంటుంది, దాని వెనక గోడో కాలవో. అద్దం వేలాడదీసి వెలుగును మడిచే పద్ధతి ఉంది కాని, వ్యానులో అంత పెద్ద అద్దం పగలకుండా మోసే సమాజాన్ని నేను చూడలేదు.

గోడకు అడుగు దూరంలో పెట్టినా పెద్ద బొమ్మ ఇస్తుందనే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్లు చూసి చాలామంది ఆశపడతారు. తరగతి గది బోర్డు లాంటి గట్టి, చదును ఉపరితలం కోసం చేసినవి అవి. వెలుగు తెర మీద బాగా ఏటవాలుగా పడుతుంది కాబట్టి గుడ్డలో చిన్న ముడత ఉన్నా బొమ్మలో స్తంభం వంకర పోతుంది. ఫ్యాను గాలికి తెర కదిలితే రాజమహల్ మొత్తం ఊగుతుంది. తిరిగే సమాజానికి ఇవి వద్దు.

నా మొగ్గు ఇలా: పెద్ద ఊళ్ల హాళ్లలో మాత్రమే ఆడేవాళ్లు వెనక ప్రొజెక్షన్‌కు వెళ్లవచ్చు. అన్ని చోట్లా ఆడేవాళ్లు ముందు ప్రొజెక్షన్‌కే నాటకాన్ని దిద్దుకోవాలి. ముందు నుంచి వేయలేని వేదిక అరుదు, వెనక నుంచి వేయగలిగిన వేదికే అరుదు.

తెరల్లో రకాలు

డబ్బు పెట్టవలసిన చోటు ఇదే. మంచి తెర పదేళ్లు ఉంటుంది. దాని కొలతలకే మీ సెట్టు, మీ నటుల నడకలు, మీ బొమ్మల ఆకారం కుదురుతాయి. అద్దె తెర ఒక ఊళ్లో నాలుగుకు మూడు నిష్పత్తిలో, మరో ఊళ్లో పదహారుకు తొమ్మిదిలో వస్తుంది. రెండో ఊళ్లో మీ కోట బురుజులు తెగిపోతాయి.

అన్నిటికన్నా చౌకైనది తెల్ల లాంగ్ క్లాత్. తేలిక, ఉతకవచ్చు, మడిచి సంచిలో పెట్టవచ్చు. లోపం ఏమిటంటే వెలుగులో కొంత గుడ్డ గుండా వెనక్కి పోతుంది. వెనకాల నల్ల గుడ్డ జత చేసి కుట్టిస్తే వెనక నడిచే మనుషులు, వెనక ఉన్న బల్బులు కనబడకుండా పోతాయి. ముడతలు పోవాలంటే తెర కట్టి, కింద అంచులో ఇనుప గొట్టం దూర్చి బరువు వేసి, పిచికారీతో సన్నగా నీళ్లు చల్లండి. ఆరేలోపు గుడ్డ బిగుసుకుంటుంది. గంట ముందు చేయాలి, చివరి నిమిషంలో చేస్తే తడి మచ్చలు కనిపిస్తాయి. నూలు గుడ్డ కాబట్టి వేడెక్కే హాలోజన్ లైట్లకు దూరంగా ఉండాలి. గుడ్డల అతుకు నిలువుగా కాకుండా అడ్డంగా పడేట్టు కుట్టించండి. నిలువు అతుకు సరిగ్గా నాయిక ముఖం వెనక గీతలా కనిపిస్తుంది, అడ్డ అతుకును బొమ్మలోని నేల గీతలో కలిపేయవచ్చు.

ఫ్లెక్స్ గురించి చెప్పకుండా మన ఊళ్లలో తెరల సంగతి పూర్తికాదు. ప్రతి పట్టణంలోనూ ఫ్లెక్స్ దుకాణం ఉంది, అచ్చు వేయని తెల్ల ఫ్లెక్స్ అడిగితే ఇస్తారు. వెనక నల్లగా ఉండే రకం ముందు ప్రొజెక్షన్‌కు పనికొస్తుంది. బస్టాపుల్లో ట్యూబులైట్ల ముందు బిగించే బ్యాక్‌లిట్ రకం వెనక ప్రొజెక్షన్‌కు, అత్యవసరంలో, చెడ్డది కాదు. కాని రెండు చికాకులు. మెరుపు ఎక్కువ కాబట్టి మధ్యలో కూర్చున్నవాడికి తెర మధ్య భాగం మండుతున్నట్టు, పక్కన కూర్చున్నవాడికి మసకగా కనిపిస్తుంది. రెండోది, మడిస్తే ఆ మడత గీత జన్మలో పోదు. చుట్టే తీసుకెళ్లాలి, పది అడుగుల చుట్ట వ్యానులో కట్టడమంటే పైన క్యారియర్ ఉండాలి. వాన వస్తే దానికేమీ కాదు, అదొక్కటే దాని గొప్ప.

నేను కొనమనేది మడత ఫ్రేము తెర. అల్యూమినియం గొట్టాల చట్రం మడతలుగా విప్పుకుంటుంది, తెర గుడ్డ చుట్టూ ఉన్న బటన్లు చట్రానికి టకటకా నొక్కితే సాగి బిగుసుకుంటుంది. అలవాటైన ఇద్దరు మనుషులు పావుగంటలో నిలబెడతారు. పోటీల్లో ఒక నాటికకూ మరో నాటికకూ మధ్య దొరికే సమయం చాలా తక్కువ కాబట్టి ఆ పావుగంటకు విలువుంది. ఒకే చట్రానికి ముందు గుడ్డ, వెనక గుడ్డ రెండూ కొనుక్కోవచ్చు. గుడ్డ ఎంచేటప్పుడు మాట్ (మెరుపు లేని) తెలుపు, గెయిన్ 1 దగ్గర ఉన్నది తీసుకోండి. గెయిన్ ఎక్కువ ఉన్న తెర వెలుగును ముందుకు గుమిగూర్చి పంపుతుంది. సినిమా హాల్లో అది సరే కాని, ఊళ్లో జనం వేదికకు మూడు వైపులా కింద కూర్చుంటారు. పక్కనున్న వాళ్లకు అందులో సగం బొమ్మ కూడా దక్కదు. బూడిద రంగు తెర నలుపును నిజమైన నలుపుగా చూపిస్తుంది, చెదురు వెలుగును కొంత మింగేస్తుంది, కాని ఆ మేరకు బొమ్మ వెలుగూ మింగుతుంది. 8,000 ల్యూమెన్లకు పైన ప్రొజెక్టర్ దొరుకుతుందన్న భరోసా ఉంటేనే అది.

ఈ ఫ్రేము తెర ఆరుబయట కడితే తెరచాపే. గంటకు 40 కిలోమీటర్ల గాలికి 16 అడుగుల తెర మీద వంద కిలోలకు పైగా తోపు పడుతుంది. దానితో వచ్చే కాళ్లను నమ్ముకోవద్దు. వెనక రెండు సరుగుడు బాదులు పాతించి, పై మూలలను తాళ్లతో వాటికి కట్టండి. గాలి పెరిగితే కింది బటన్లు నాలుగు వదిలేయండి, గాలి అందులోంచి పోతుంది.

ఇక జాలీ తెర. నటుడికి ముందు సన్నటి నెట్ గుడ్డ కట్టి దాని మీద బొమ్మ వేస్తే వాన నటుడి ముందు కురుస్తుంది, మంటల మధ్య సీత నిలబడుతుంది, వెనక లైటు ఆపితే మనిషి మాయమవుతాడు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మాయ ఇంకొకటి లేదు. నల్ల నైలాన్ నెట్ చాలు, దోమతెర గుడ్డ అమ్మే దుకాణంలో దొరుకుతుంది. షరతు ఒకటే: ముందు నుంచి ఏ లైటూ నెట్ మీద పడకూడదు, నటుడికి వెలుగు పక్క నుంచో పై నుంచో రావాలి. ముందు లైటు ఒక్కటి వెలిగినా అక్కడ నెట్ ఉందని అందరికీ తెలిసిపోతుంది. బొమ్మ వెలుగులో ఎక్కువ భాగం కన్నాల గుండా వెనక్కి పోతుంది కాబట్టి ముదురు బొమ్మలు పనికిరావు. నక్షత్రాలు, అక్షరాలు, మంట, వాన లాంటి వెలుగు గీతలు అద్భుతంగా వస్తాయి. నృత్య నాటకం ఆడేవాళ్లు ఒకే తెర కొనగలిగితే ఇదే కొనాలంటాను.

స్టాండు మీద నిలబెట్టే చిన్న తెరలు, మోటారుతో కిందికి దిగే తెరలు ఆఫీసులకు. వాటిని వదిలేయండి.

ప్రొజెక్టర్

అద్దెకు ఎందుకంటే, పెళ్లిళ్ల పుణ్యమా అని ఇప్పుడు ప్రతి పట్టణంలోనూ ప్రొజెక్టర్లు దొరుకుతున్నాయి. కొన్న ప్రొజెక్టర్ ధర ఏటేటా పడిపోతుంది, దుమ్ములో వ్యానులో తిరిగి ఇంకా పడిపోతుంది. ఏడాదికి అరవై డెబ్భై ప్రదర్శనలు ఇచ్చే సమాజమైతే లెక్క మారవచ్చు. అప్పుడు కొంటే లేజర్‌దే కొనండి. ల్యాంపు ప్రొజెక్టర్‌లో ల్యాంపు కొన్ని వేల గంటల్లో సగం వెలుగుకు దిగుతుంది, లేజర్ 20,000 గంటల దాకా లాగుతుంది. ఊళ్లలో దానికన్నా పెద్ద తేడా మరొకటి ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకుంటే లేజర్ వెంటనే వెలుగుతుంది. ల్యాంపు చల్లబడే దాకా వెలగనంటుంది, ఆ కొన్ని నిమిషాలూ వేదిక మీద నటుడు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. ల్యాంపుది తప్పనిసరైతే దానికో యూపీఎస్ పెట్టండి. 400 వాట్ల లోపు యంత్రానికి ఒక కేవీఏ యూపీఎస్ సరిపోతుంది.

ప్రొజెక్టర్ లోపల బొమ్మను తయారుచేసే ముఖ్యమైన పద్ధతులు రెండు, డీఎల్‌పీ, ఎల్‌సీడీ. ఒకే చిప్పు ఉన్న డీఎల్‌పీ రకంలో తెలుపు చెప్పినంత వెలుగు వస్తుంది కాని ఎరుపు, పసుపు దానికన్నా వెలితిగా వస్తాయి. మన నాటకాల్లో కుంకుమ రంగు, బంగారు రంగు ఎక్కువ కదా, అందుకని మూడు ఎల్‌సీడీల రకం మేలు. రిజల్యూషన్ కోసం మరీ తాపత్రయపడకండి. పూర్తి హెచ్‌డీ ఉంటే చాలు, 4కే కోసం పెట్టే డబ్బు ల్యూమెన్ల మీద పెట్టండి. బొమ్మ వంకరను కీస్టోన్‌తో, అంటే మెనూలో బొమ్మనే సాగదీసి నొక్కి, సరిచేస్తే వెలుగూ పిక్సెళ్లూ రెండూ పోతాయి. యంత్రాన్ని వంచకుండా లెన్స్‌నే జరిపి బొమ్మను కదిపే లెన్స్ షిఫ్ట్ ఉన్నది దొరికితే అదే అడగండి.

అద్దె ఇచ్చేవాళ్లతో మాట్లాడడం ఒక విద్య. సంభాషణ మామూలుగా ఇలా ఉంటుంది:

“అన్నా, మీ ప్రొజెక్టర్ త్రో ఎంత?”

“ఫుల్ హెచ్‌డీ సార్. మొన్న రిసెప్షన్‌కు ఇచ్చాం, సూపర్‌గా వచ్చింది.”

“పదహారు అడుగుల బొమ్మకు ఎంత దూరంలో పెట్టాలి?”

“ఎంత దూరమైనా పెట్టుకోండి సార్, జూమ్ ఉంది.”

ఇక్కడ కోపం తెచ్చుకోకుండా, “యంత్రం వెనక స్టిక్కర్ ఉంటుంది, దాని ఫొటో వాట్సాప్ చేయండి” అనాలి. మోడల్ నంబరు తెలిస్తే తయారీదారు వెబ్‌సైట్‌లో త్రో, ల్యూమెన్లు, బరువు అన్నీ దొరుకుతాయి. రెండో ఫొటో, మెనూలో ల్యాంపు గంటలు చూపించే పేజీది. ఈ రెండు ఫొటోలు పంపలేని చోట బయానా ఇవ్వకండి. యంత్రం వచ్చాక చేయవలసిన మొదటి పని, మెనూలోకి వెళ్లి సిగ్నల్ లేనప్పుడు వచ్చే నీలం తెరను నలుపుకు మార్చడం. కేబుల్ ఒక్క క్షణం కదిలితే చాలు, మరణశయ్య మీద తండ్రి వెనక నీలం రంగులో కంపెనీ పేరు మెరుస్తుంది.

నలుపు బొమ్మ వేసినా ప్రొజెక్టర్ కొంత వెలుగు చిమ్ముతూనే ఉంటుంది, చీకటి సీనులో తెర బూడిద దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది. లెన్స్ ముందు అట్టముక్కను దారంతో కట్టి పైకీ కిందికీ లాగే ఏర్పాటు చేసుకుంటే ఆ బెడద తీరుతుంది. ఖరీదైన యంత్రాల్లో ఇదే పని చేసే షట్టర్ ఉంటుంది.

ఎల్ఈడీ గోడ

దీని మీద నాకు అభిమానం తక్కువని ముందే చెబుతున్నాను, అయినా దాని బలం దానిది. సాయంత్రం వెలుతురులోనూ కనిపిస్తుంది, నీడ సమస్య లేదు, వెనక రెండు మూడు అడుగుల చోటు చాలు, ఆపితే నిజంగా నల్లగా ఉంటుంది. సమస్య కూడా దాని బలమే. సినిమా హాల్లో తెల్ల తెర వెలుగు ప్రమాణం 48 నిట్లు (నిట్ అంటే తెర నుంచి కంటికి వచ్చే వెలుగుకు కొలత). లోపల వాడే ఎల్ఈడీ గోడ పూర్తిగా వెలిగితే 1,000 నిట్ల దాకా ఇస్తుంది, బయట వాడేది 4,000, 5,000. దాని ముందు నిలబడ్డ నటుడి ముఖం నల్లటి ఆకారమే. వెలుగు పదో వంతుకు తగ్గించమని ఆపరేటర్‌ను అడగాలి. తగ్గిస్తే చౌక ప్యానెళ్లలో రంగుల మెట్లు విడిపోయి ఆకాశం చారలు చారలుగా కనిపిస్తుంది, ఫోనుల్లో తీసే వీడియోలో గీతలు పరుగెడతాయి. రిఫ్రెష్ రేటు (బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు తిరిగి వెలుగుతుందన్నది) 3,840 హెర్ట్జ్ ఉన్న ప్యానెళ్లు అడిగితే ఆ గీతల బాధ చాలావరకు ఉండదు.

బరువు చూడండి. ఐదు మీటర్లకు మూడు మీటర్ల గోడ అంటే అర మీటరు పెట్టెలు 60. ఒక్కోటి ఏడెనిమిది కిలోలు, మొత్తం నాలుగు వందల కిలోల పైమాటే. ఊరి వేదిక చెక్కల మీద దాన్ని ఒక వరుసలో నిలబెడితే చెక్కల కింద ఏముందో వంగి చూడాలి. తెల్ల బొమ్మ నిండా వేస్తే 8 నుంచి 10 కిలోవాట్ల దాకా కరెంటు లాగుతుంది. పీ3.91 (చుక్కకూ చుక్కకూ మధ్య 3.91 మిల్లీమీటర్లు) ప్యానెళ్లతో కట్టిన ఆ గోడ మొత్తం రిజల్యూషన్ 1280కి 768 మాత్రమే, కాబట్టి బొమ్మలను ఆ కొలతకే తయారు చేసుకోవాలి, చిన్న అక్షరాలు పెట్టకూడదు. తొలకరి రాత్రుల్లో ఉసిళ్లు ఈ గోడను వెతుక్కుంటూ వచ్చి కమ్మేస్తాయి. శ్రీకృష్ణుడి విశ్వరూపం నిండా ఉసిళ్లు పాకుతుంటే గంభీరంగా పద్యం పాడడం ఎంత కష్టమో పాడినవాళ్లకే తెలుసు.

పోటీలో నిర్వాహకులే అందరికీ కలిపి గోడ పెట్టి ఉంటే మాత్రం మీ తెర విప్పకండి. రెండు రకాల వెలుగుకూ సరిపోయేలా ఒకే బొమ్మకు రెండు కూర్పులు పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి: ప్రొజెక్టర్‌కు మామూలుది, ఎల్ఈడీకి బాగా ముదురుగా, తెలుపు తక్కువగా ఉన్నది. రెండింటిలోనూ అంచులు నలుపులోకి కరిగిపోవాలి. కదిలే వీడియో కన్నా నిలిచిన బొమ్మే నాటకానికి మంచిది. వెనక జలపాతం దూకుతుంటే ఎంత గొప్ప నటుడి ముఖం నుంచైనా చూపు జారిపోతుంది.

కేబుళ్లు, కరెంటు

మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ 15 మీటర్లు దాటితే నమ్మలేం. ల్యాప్‌టాప్ వింగులో, ప్రొజెక్టర్ ప్రేక్షకుల మధ్యలో ఉంటే క్యాట్6 తీగ మీద నడిచే హెచ్‌డీబేస్‌టీ జత (సిగ్నల్‌ను పంపే పెట్టె ఒకటి, అందుకునే పెట్టె ఒకటి) కొనుక్కోండి, 100 మీటర్ల దాకా వెళ్తుంది. ఇవి సొంతవే ఉండాలి, అద్దె కేబుల్ ఎప్పుడూ ఐదు మీటర్లే వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్, నోటిఫికేషన్లు ఆపేయండి. పందిరి కరెంటు పాయింట్‌లో ఏదైనా పెట్టే ముందు మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. తాత్కాలిక వైరింగులో న్యూట్రల్ ఊడితే 230 వోల్టులు రావలసిన చోట 400 దాకా రావచ్చు, అద్దె యంత్రం బిల్లు మీ మీద పడుతుంది.

సముద్రం దాటి వెళ్తే

అమెరికాలో తెలుగు సంఘాల ఉత్సవాలకు నృత్య నాటకం తీసుకెళ్లేవాళ్లు ప్రొజెక్టర్, ఫ్రేము రెండూ ఇక్కడే వదిలేయవచ్చు. పెద్ద ఆడిటోరియాల్లో పై నుంచి వేలాడే మంచి ప్రొజెక్టరే ఉంటుంది. దాని త్రో, తెర కొలత, ఇన్‌పుట్ రకం తెలిపే సాంకేతిక పత్రాన్ని నెల ముందే తెప్పించుకోండి. అక్కడ 120 వోల్టులు. ల్యాప్‌టాప్ ఛార్జర్లు, చాలా ప్రొజెక్టర్లు 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయి, మన డిమ్మర్లు, పొగ యంత్రాలు తట్టుకోవు. తీసుకెళ్లదగ్గది జాలీ తెర ఒక్కటే, 23 కిలోల పెట్టెలో ఒక మూలకు సరిపోతుంది. అయితే అక్కడి చాలా హాళ్లు వేదిక మీద వేలాడే ప్రతి గుడ్డకూ మంట అంటుకోదన్న ధ్రువపత్రం అడుగుతాయి. ఎన్ఎఫ్‌పీఏ 701 అనేది ఆ ప్రమాణం పేరు. దోమతెర గుడ్డకు అది ఉండదు. అక్కడే ధ్రువపత్రం ఉన్న నెట్‌ను హాలు ద్వారా అద్దెకు మాట్లాడుకుని, దాని కొలతలకు ఇక్కడ నైలాన్ నెట్‌తో రిహార్సల్ చేసుకుని వెళ్లండి.